మబ్బు ఫొటోకి ముందు వెలుతురు తగ్గించండి
ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నెల్లూరు జిల్లా ఇస్కపల్లి ఉప్పు మడుల మీద కమ్ముకొచ్చే మబ్బు చూసి తీరాలి. ఫోన్‌లో తీస్తే మాత్రం తెల్లగా పాలిపోతుంది. ఎందుకంటే ఫోన్ చీకటిగా ఉన్న నేలని చూసి వెలుతురు పెంచేస్తుంది. మబ్బులో బాగా మెరుస్తున్న చోట వేలు నొక్కి పట్టి, ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించండి. నేల నల్లగా వచ్చినా ఫర్వాలేదు. ఫోన్ సరిదిద్దకుండా దాచే రా ఫైల్‌గా తీసి ఉంటే, తర్వాత షాడోస్ (చీకటి భాగాల వెలుతురు) కొంచెం పెంచితే నేల తేరుకుంటుంది. తెల్లగా కాలిపోయిన మబ్బు మాత్రం తిరిగి రాదు.

ఎడిటింగ్‌లో మసక తగ్గించే డీహేజ్ కొద్దిగా చాలు. ఎక్కువైతే తాటిచెట్ల చుట్టూ తెల్లటి అంచు పడుతుంది, నాకది అస్సలు నచ్చదు.

ఉరుము వినబడిందంటే పిడుగు మీ దాకా రాగలదు. ఆ బయలులో అన్నిటికన్నా ఎత్తు మీరే కావచ్చు. వెంటనే కారెక్కి అద్దాలు మూసేయండి.