వృత్తి శిక్షణలో సాంస్కృతిక అవగాహనను పనినైపుణ్యంగా నేర్పడం ఎలా?

వెల్డింగ్ నేర్చుకునేవారికైనా, నర్సింగ్ చదివేవారికైనా సాంస్కృతిక అవగాహనను విడిగా ఒక ఉపన్యాసంగా చెప్పి వదిలేస్తే అది పరీక్ష వరకే గుర్తుంటుంది. దానిని చేతిపనితో కలిపే నేర్పాలి. కాబట్టి బోధకులు మొదట తమ పాఠ్యప్రణాళికను చూసి, సూచన తీసుకోవడం, అర్థం కాలేదని చెప్పడం, పొరపాటును పైవారికి తెలపడం, రోగిని తాకే ముందు అనుమతి అడగడం, షిఫ్టు మారేటప్పుడు పని అప్పగించడం వంటి సందర్భాలను గుర్తించాలి.

బోధనకు ముడిసరుకు నిజమైన పనిచోటు నుంచే రావాలి. అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త జాన్ ఫ్లానగన్ 1954లో వివరించిన కీలక సంఘటనల పద్ధతి ఇందుకు బాగా ఉపకరిస్తుంది. పని సఫలం కావడానికో చెడడానికో కారణమైన నిర్దిష్ట ప్రవర్తనలను, వాటిని చూసినవారి నుంచి సేకరించడమే ఆ పద్ధతి. ఉదాహరణకు, సూపర్‌వైజర్ "అర్థమైందా?" అని అడగగా కొత్త ఉద్యోగి తల ఊపి, తర్వాత యంత్రభాగాన్ని తప్పుగా బిగించాడనుకుందాం. విద్యార్థులు వెంటనే "అతనికి శ్రద్ధ లేదు" అనేస్తారు. అక్కడే ఆపి, కంటికి కనిపించినదేమిటి, మనం ఊహించినదేమిటి అని విడదీయించాలి. భాష పూర్తిగా రాకపోవడం, యంత్రాల చప్పుడు, ఉద్యోగం పోతుందన్న భయం, పెద్దవారిని తిరిగి ప్రశ్నించడం అమర్యాద అని పెరిగిన తీరు, ఇలా కనీసం మూడు కారణాలు చెప్పించిన తర్వాతే తీర్పుకు పోవాలి. ఆపైన సూపర్‌వైజర్ ఏమని ఉంటే బాగుండేదో ఆలోచింపజేసి, "ఇప్పుడు నువ్వు ఏం చేయబోతున్నావో చెప్పి చూపించు" వంటి మాటలను పాత్రలు మార్చుకుంటూ అభ్యాసం చేయించాలి. ఎక్కువ సమయం ఇవ్వవలసింది ఈ అభ్యాసానికే.

ఫలానా దేశంవారు ఇలా ఉంటారనే జాబితాలను మాత్రం తరగతిలోకి రానివ్వకూడదు. డచ్ సామాజిక మనస్తత్వశాస్త్రవేత్త గీర్ట్ హాఫ్‌స్టెడ్, కంప్యూటర్ సంస్థ ఐబీఎం ఉద్యోగుల సర్వేల నుంచి రూపొందించిన సాంస్కృతిక సూచికలు దేశాల సగటులను పోల్చేవే తప్ప, ఎదురుగా నిలబడిన ఒక మనిషిని గురించి చెప్పేవి కావు. తరగతిలో ఒక సమూహానికి చెందిన విద్యార్థి ఒక్కరే ఉంటే, ఆ సమూహమంతటి తరఫున మాట్లాడమని వారిని నిలబెట్టడం కూడా అన్యాయమే.

భద్రతా నియమాలకూ విశ్వాసాలకూ పొత్తు కుదరని చోట చర్చను దాటవేయవద్దు. ఉదాహరణకు, ముఖానికి బిగుతుగా అతుక్కోవలసిన శ్వాసరక్షణ మాస్కు, విశ్వాసం కొద్దీ పెంచుకున్న గడ్డం మీద సరిగా సీలు కాదు. అయితే గాలిని మోటారుతో అందించే వదులైన హుడ్డు రకానికి ఆ ఇబ్బంది లేదు. నియమం దేనిని కాపాడుతోందో, అదే రక్షణ మరో మార్గంలో దొరుకుతుందో లేదో అడగడం విద్యార్థికి అలవాటు కావాలి.

మూల్యాంకనంలో వైఖరికి మార్కులు వేయకుండా, ప్రాక్టికల్ పరీక్షలోనే ప్రవర్తనను గమనించాలి. పని అప్పగించేటప్పుడు అవతలివారు గ్రహించినదాన్ని సరిచూసుకున్నారా, తెలియనప్పుడు అడిగారా, పేరును సరిగా పలకడానికి ప్రయత్నించారా అన్నవి పరీక్షకులు ఇద్దరైనా ఒకేలా గుర్తించగలిగిన అంశాలు. పనిచోట శిక్షణకు పంపినప్పుడు వారానికి ఒక సంఘటన రాసుకు రమ్మంటే, తర్వాతి బృందానికి పాఠాలు అక్కడి నుంచే సిద్ధమవుతాయి.