బడి మూతపడే ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

అంటువ్యాధి వల్ల బడికి తాళం పడగానే పాఠాలతో పాటు చాలా ఆగిపోతాయి. మధ్యాహ్నం వేళకు అందే భోజనం, తోటి పిల్లలతో ఆటలు, మొహం చూసి "ఏమైంది, అలా ఉన్నావేం?" అని అడిగే టీచరు, ఇవన్నీ ఒక్కరోజులో పోతాయి. 2020 ఏప్రిల్ నాటికి కొవిడ్ వల్ల దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులకు బడి లేకుండా పోయిందని యునెస్కో లెక్క కట్టింది. అప్పుడు సిద్ధపడే టైమ్ ఎవరికీ దొరకలేదు. మళ్లీ అలాంటి పరిస్థితి వచ్చేలా ఉంటే మాత్రం ముందుగానే కొన్ని చూసి పెట్టుకోవచ్చు. చిన్న తరగతులకు పాఠాలు చెప్పే దాన్ని కాబట్టి, నేను దగ్గరగా చూసినవే చెబుతున్నాను.

బడి ఇంకా నడుస్తుండగానే క్లాస్ టీచరు నంబరు, ఇద్దరు ముగ్గురు స్నేహితుల ఇళ్ల నంబర్లు కాగితం మీద రాసుకోండి. బడిలో భోజనం చేసే పిల్లలైతే, మూసేశాక అది ఎలా అందుతుందో అడగండి. పుస్తకాలన్నీ ఇంటికి తెచ్చుకోండి. ఆన్‌లైన్ క్లాసులు ఉన్నాయి కదా అని ధీమాగా ఉండొద్దు. 2020లో కనీసం 46 కోట్ల మంది పిల్లలకు ఇంటి నుంచి చదువుకునే దారే లేదని యునిసెఫ్ చెప్పింది. ఇంట్లో ఒకే ఫోన్ ఉండి ముగ్గురు పిల్లలుంటే, ఆ సంగతి టీచరుకు ముందే చెప్పండి. అందులో నామోషీ ఏమీ లేదు. చెబితేనే కాగితం మీద పని ఇవ్వడమో, సాయంత్రం ఫోన్ చేయడమో మాకు వీలవుతుంది.

అన్నిటికంటే ముందు పిల్లలతో మాట్లాడాలి. బడి మూసిన రెండో వారంలో, రెండో తరగతి పాపకు ఫోన్ చేసి లెక్కలు అడుగుతున్నాను. మధ్యలో గొంతు బాగా తగ్గించి, "టీచర్, మా తాతయ్యకు జ్వరం. నేను ఆ రోజు చేతులు కడుక్కోలేదు" అంది. నాలుగు రోజులుగా ఆ మాట ఎవరికీ చెప్పకుండా లోపలే పెట్టుకుంది. ఇంట్లోవాళ్లేమో పాప బుద్ధిగా ఉంటోందని అనుకున్నారు.

అందుకే "నీకేం తెలుసు? ఏం విన్నావు?" అని మీరే అడగండి. వయసుకు తగ్గట్టు, నిజమే చెప్పండి. "ఎవరికీ ఏమీ కాదు" అని మాత్రం మాటివ్వకండి. రేపు ఏదైనా జరిగితే పిల్లలు మీ మాట నమ్మడం మానేస్తారు. మనం ఏమేం జాగ్రత్తలు తీసుకుంటున్నామో చెబితే చాలు. జబ్బు రావడం నీ తప్పు కాదని నోరు తెరిచి చెప్పండి. ఆ మాట వాళ్లంతట వాళ్లు అడగరు. టీవీలో రోజంతా చావుల వార్తలు నడవనివ్వకండి.

రోజూ ఒకే పద్ధతి ఉండాలి. లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ మారకుండా ఉంటే చాలు. 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9 గంటలకు తగ్గని నిద్ర, బడి ఈడు పిల్లలకు రోజుకు గంటసేపు ఒళ్లు కదిలే ఆట అవసరం. ఇంట్లో బడి టైంటేబుల్ మొత్తం నడిపించాలని చూడకండి. చిన్నపిల్లల్ని అరగంట కూర్చోబెట్టి, లేపి ఆడించి, మళ్లీ కూర్చోబెట్టండి. రాత్రి పూట ఒక కథ పైకి చదివించండి. మిగిలిన సిలబస్ మేం తర్వాత పూడ్చుకుంటాం. ఫోన్ అందరూ తిరిగే గదిలోనే ఉండాలి. ఎవరో తెలియని మనిషి మెసేజ్ పెట్టాడని పిల్లలు చెబితే, కోపంతో ఫోన్ లాక్కోకండి. లాక్కుంటే ఇంకోసారి చెప్పరు.

పిల్లలు రోజంతా ఇంట్లో ఉంటే ప్రమాదాలూ పెరుగుతాయి. శానిటైజర్‌లో 60 శాతానికి పైగా ఆల్కహాల్ ఉంటుంది, పసిపిల్లలు తాగితే ప్రాణం మీదికి వస్తుంది. మందులతో పాటు పైన పెట్టండి. బ్లీచింగ్‌నూ యాసిడ్ క్లీనర్‌నూ కలపకండి, విషవాయువు వస్తుంది. బకెట్లో నీళ్లు నిలవ ఉంచకండి, పసిపిల్లలు అందులో పడి మునిగిపోవచ్చు. పిల్లల టీకాలు వాయిదా వేయకండి, తట్టు టీకా ముఖ్యంగా.

పెద్దవాళ్లకు జబ్బు చేస్తే పిల్లల్ని ఎవరు చూసుకోవాలి? ఇద్దరి పేర్లు ముందే అనుకుని, వాళ్లతో మాట్లాడి పెట్టుకోండి. ఆ ఇద్దరిలో ఒకరు వయసు మళ్లనివారైతే మంచిది. పిల్లలకూ ఈ సంగతి తెలియాలి.

పని లేక, డబ్బు లేక, నాలుగు గోడల మధ్య అందరికీ టెన్షన్ ఉంటుంది. చెయ్యి లేస్తోందనిపించిన క్షణంలో పిల్లవాణ్ణి ప్రమాదం లేని చోట ఉంచి, మీరు పక్క గదిలోకి వెళ్లండి. అరిచి ఉంటే తర్వాత దగ్గరికి తీసుకుని సారీ చెప్పండి. ఏ ఇంట్లోనైనా పిల్లలకు దెబ్బలో, అంతకంటే ఘోరమో జరుగుతోందని అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. మామూలు రోజుల్లో అది కనిపెట్టేది మేం. బడి లేనప్పుడు ఆ పిల్లల్ని చూసే బయటి మనిషి మీరొక్కరే కావచ్చు.

పక్క తడపడం, ఊరికే కడుపునొప్పి అనడం, ఒక్క క్షణం వదలకపోవడం భయానికి గుర్తులు. తిట్టకండి. వారాల తరబడి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. పెద్దపిల్లలు "బతకాలని లేదు" అంటే మాత్రం ఆగకండి, ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.

నా అసలు బెంగ తిరిగి రాని పిల్లల గురించి. ఎబోలా అనే అంటువ్యాధి వల్ల పశ్చిమ ఆఫ్రికా దేశమైన సియెర్రా లియోన్‌లో 2014 మధ్యలో మూసిన బడులు 2015 ఏప్రిల్‌లో గానీ తెరుచుకోలేదు. ఆ నెలల్లో ఎందరో ఆడపిల్లలు గర్భవతులయ్యారు. వాళ్లను క్లాసుకు రానివ్వకూడదన్న నిషేధం 2020 వరకూ నడిచింది. ఇంటి కష్టం చూసి పనిలో పెట్టిన పిల్లలదీ ఇంచుమించు ఇదే దారి. అందుకని పనికి పంపడం, పెళ్లి మాటలు దగ్గరికి రానివ్వకండి. వారానికి ఒక్కసారైనా టీచరుతో పిల్లల్నే మాట్లాడనివ్వండి. తెరిచే తేదీ చెప్పగానే పేరు రిజిస్టర్‌లో ఉందో లేదో కనుక్కోండి. పక్కింటి పిల్ల ఆ రోజు రాకపోతే సాయంత్రం వాళ్లింటికి వెళ్లి అడగండి. మర్నాడు మీ పిల్లతో పాటు తీసుకురండి.