‘సుస్థిర’ అనే మాట ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

మహారాష్ట్రలోని సిరొంచ వైపు మన పిల్లల్లో చాలామంది బడిలో మరాఠీ చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తెలుగులో వ్యాసం రాయమంటే ‘శాశ్వత అభివృద్ధి’ అని రాసేస్తారు. వాళ్ల తప్పేం లేదు, మరాఠీలో దాన్ని ‘శాశ్వత్ వికాస్’ అనే అంటారు. తెలుగులో మాత్రం శాశ్వతం అంటే ఎప్పటికీ మారకుండా ఉండిపోయేది, శాశ్వత చిరునామా అన్నట్టు. మనం రాయాల్సింది ‘సుస్థిరాభివృద్ధి’. రెండు మాటలూ కలిసే చోట దీర్ఘం వస్తుంది, మరిచిపోవద్దు.

ఆ మాట అర్థానికి 1987లో ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పిందే ఇప్పటికీ ఆధారం: ఇవాళ్టి మన అవసరాలు తీరాలి, తర్వాతి తరాలకు తమ అవసరాలు తీర్చుకునే దారి మూసుకుపోకూడదు. పిల్లలకు ఇలా చెప్తే ఎక్కదు, బీడీలు చుట్టే తునికాకుతో చెప్పండి. వేసవికి ముందు పొదలు కొట్టి, కొత్తగా వచ్చిన ఆకు కోసుకుని, వేరును బతకనిస్తే వచ్చే ఏడూ అదే పొద ఆకు ఇస్తుంది, అది సుస్థిర సేకరణ. చిగురు బాగా వస్తుందని అడవికి నిప్పు పెడితే ఈ ఏడు ఆకు కొనే కల్లానికి కట్టలు చేరతాయేమో గానీ ఇప్ప మొలకలు కూడా మాడిపోతాయి, దాన్ని సుస్థిరం అనడానికి నాకు నోరు రాదు.

పేపర్లో ‘సుస్థిర ప్రభుత్వం’ అని చూసి కంగారు పడకండి, అక్కడ పడిపోని ప్రభుత్వం అని మాత్రమే. బట్ట సంచి చాలా ఏళ్లు వస్తే అది మన్నిక. అన్నిటికీ సుస్థిర తగిలించొద్దు.

రాసేటప్పుడు ఒక్క పని చేయండి. ఆ మాట పక్కనే ఏది, ఎంత, ఎలా అన్నది పెట్టండి. ‘వెదురును సుస్థిరంగా వాడాలి’ అంటే ఏమీ తెలియదు, ‘ముదిరిన బొంగులే కోసి, ఆ ఏడు వచ్చిన పిలకలు వదిలేయాలి’ అంటే తెలుస్తుంది. మన గడ్చిరోలి జిల్లాలోని మేండా లేఖా గ్రామానికి 2009లో సామూహిక అటవీ హక్కులు, అంటే తమ అడవిని ఊరంతా కలిసి వాడుకుని కాపాడుకునే హక్కులు వచ్చాయి, వెదురు వాళ్లకు పెద్ద ఆదాయం. అలాంటి ఊరి గురించి రాసేటప్పుడు ఈ వివరాలే కావాలి.

గ్రామసభలో పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడైతే ఆ మాటే వద్దు. ‘వచ్చే ఏడు కూడా ఆకు దొరికేటట్టు కోద్దాం’ అనండి, చాలు.