బల్క్ డ్రగ్ పరిశ్రమలో తొలి నెల: కొత్త ఉద్యోగి నేర్చుకోవలసిన జాగ్రత్తలు

పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ వంటి చోట్ల బల్క్ డ్రగ్ (మందుల తయారీకి వాడే ముడి ఔషధం) పరిశ్రమలో కొత్తగా చేరినవారికి హెల్మెట్, కళ్లద్దాలు, సేఫ్టీ షూ ఇచ్చి, ఒక శిక్షణ తరగతి పెట్టి ప్రొడక్షన్ బ్లాకుకు పంపుతారు. ఆ తరగతిలో చెప్పేవన్నీ అవసరమే. అయితే అన్నిటికంటే ముందు నైట్రోజన్‌ను గురించి తెలుసుకోండి.

సాల్వెంటు (రసాయనాలను కరిగించే ద్రవం) ఆవిరి అంటుకోకుండా, రసాయనాలు కలిపే పెద్ద పాత్ర అయిన రియాక్టరులో నైట్రోజన్ నింపి ఉంచుతారు. దానికి రంగూ వాసనా లేవు. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే కనుక హాని లేదనిపిస్తుంది. కానీ దాదాపు 21 శాతం ఉండవలసిన ఆక్సిజన్‌ను అది పూర్తిగా నెట్టివేసిన చోట, రెండు మూడు సార్లు ఊపిరి తీసేసరికి, ఆయాసమైనా తెలియకుండానే మనిషి స్పృహ తప్పుతాడు. అందుచేత అడుగున పౌడరు మిగిలిందేమో చూడడానికైనా, రియాక్టరు మీద మనిషి దిగే రంధ్రమైన మ్యాన్‌హోల్‌లో తల పెట్టవద్దు. పైపులైన్లు వేరుచేసి, కలిపే మోటారుకు కరెంటు తీసి తాళం వేసి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదని మీటరులో మీకు చూపించి, పర్మిటు (లోపలికి దిగే అనుమతి పత్రం) మీద సంతకాలు చేసి, బయట ఒక మనిషిని కాపలా ఉంచిన తరువాతే లోపలికి దిగండి. లోపల ఎవరైనా పడిపోతే వెంటనే అలారం మోగించండి, మీరు మాత్రం దిగకండి. తోటివాడు కళ్లెదుట పడి ఉంటే ఆగడం చాలా కష్టం; కానీ కాపాడబోయి దిగినవారు అతని పక్కనే కూలిపోయిన సంఘటనలు అనేకం. శ్వాస పరికరం తగిలించుకున్న రెస్క్యూ బృందమే దిగాలి.

టోలుయిన్ వంటి సాల్వెంటు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకునేంత ఆవిరిని ఇస్తుంది. డ్రమ్ములోంచి పోస్తున్నప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు నిప్పురవ్వ దానికి చాలు. కాబట్టి ముందుగా ఆ విద్యుత్తును భూమిలోకి పంపే ఎర్తింగ్ క్లిప్పు డ్రమ్ముకు తగిలించండి. అది డ్రమ్ము రంగు మీద కరిచి ఉంటే లాభం లేదు. రంగు గీకి, ఇనుము మెరిసే చోట పట్టించాలి. పాలియెస్టర్ బట్టలు వేసుకోవద్దు, ఫోను బ్లాకులోకి తేవద్దు.

ఆమ్లం కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడగాలి. ఆ సమయంలో దారి కనిపించదు కనుక, చేరిన రోజే మీ స్థానం నుంచి ఐ వాష్ (కళ్లు కడుక్కునే నీళ్ల కుళాయి) దాకా నడిచి అడుగులు లెక్కపెట్టుకోండి.

రాత్రి షిఫ్టులో ఎవరైనా తొందరపెడితే "అన్నా, పర్మిటు చూపించండి, అప్పుడు దిగుతాను" అని చెప్పండి. కాంట్రాక్టు కార్మికులైనా అడగడానికి జంకవలసిన పని లేదు. మీ పక్కన పనిచేసేవారు ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చి, గోడ మీది తెలుగు బోర్డు చదవలేకపోతే, క్లిప్పు ఎక్కడ పట్టించాలో, ఐ వాష్ ఎటు ఉందో మీరే వెంట తీసుకువెళ్లి చూపించండి.