పంపు చప్పుడును బట్టి జబ్బు పట్టడం: ఫెరారీ ఎఫ్1 గేర్‌బాక్స్ హైడ్రాలిక్స్ పరీక్ష, నిర్వహణ

ఫెరారీ 360 మోడెనాలో డ్రైవరు వైపు తలుపు తీయగానే, తాళంచెవి ఇంకా చేతిలో ఉండగానే, వెనుక నుంచి సన్నగా ఒక మోటారు రొద మొదలై కొన్ని క్షణాలకు ఆగిపోతుంది. గేర్లు మార్చే హైడ్రాలిక్ పంపు ముందుగానే ఒత్తిడి సిద్ధం చేసుకుంటున్నదని దాని అర్థం. ఈ వ్యవస్థలో వచ్చే లోపాలలో చాలావాటి ఆనవాలు ఆ రొదలోనే దొరుకుతుంది కనుక, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ తగిలించడానికి ముందు చెవి పెట్టి వినడం అలవాటు చేసుకోవాలి.

రోడ్డు కార్లలో ఫెరారీ ఎఫ్1 గేర్‌బాక్స్ అనే ఈ ఏర్పాటును 1997లో ఎఫ్355తో ప్రవేశపెట్టి, 360లోనూ ఎఫ్430లోనూ కొనసాగించింది. మాసెరాటి కాంబియోకోర్సా, ఆల్ఫా రోమియో సెలెస్పీడ్ ఇదే కుదురుకు చెందిన గేర్‌బాక్సులు. క్లచ్ పెడల్ లేదు కదా అని ఇది టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని నూనె ద్వారా అందించే భాగం) ఉన్న ఆటోమేటిక్ అనుకోకూడదు. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మామూలు పొడి క్లచ్చే. పెడల్ తొక్కే కాలు, లివర్ కదిపే చెయ్యి చేయవలసిన పనిని మాత్రం నూనె ఒత్తిడి చేస్తుంది. విద్యుత్ పంపు నూనెను అక్యుములేటర్‌లోకి, అంటే ఒత్తిడితో నూనెను నిల్వ ఉంచే పాత్రలోకి నెడుతుంది, కరెంటుతో పనిచేసే సోలనాయిడ్ వాల్వులు దానిని అక్కడి నుంచి క్లచ్‌కూ గేర్లు కదిపే యాక్చుయేటర్‌కూ పంచుతాయి. మోడల్‌ను బట్టి కొంత తేడా ఉన్నా, ఒత్తిడి సుమారు 40 బార్‌కు పడిపోయినప్పుడు పంపు మొదలై, 50 బార్ దగ్గరకు చేరాక ఆగుతుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇది ఇరవై రెట్లు.

అందుచేత ఏ గొట్టాన్నైనా విప్పే ముందు పంపు రిలేను (పంపుకు కరెంటు కలిపే స్విచ్చును) ఊడదీసి, వర్క్‌షాప్ పుస్తకంలో చెప్పిన పద్ధతిలో ఒత్తిడిని పూర్తిగా దించాలి. ఈ జాగ్రత్త తీసుకోకపోతే, మీరు బండి కింద ఉన్నప్పుడు ఎవరో యథాలాపంగా తలుపు తీసినా పంపు తిరుగుతుంది. సన్నటి ధారగా చిమ్మిన నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లగలదు. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే.

పరీక్షలో మొదటి మెట్టు బ్యాటరీ. పంపు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి, నీరసించిన బ్యాటరీ ఉన్న బండిలో గేరు పడకపోవడం, హెచ్చరిక దీపం వెలగడం వంటివి హైడ్రాలిక్ లోపాల లాగానే కనిపిస్తాయి. నిండుగా ఛార్జయిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దాకా చూపాలి. 1989లో జాన్ బర్నార్డ్ రూపొందించిన ఫెరారీ 640 ఫార్ములా వన్ కారు కథ కూడా ఇలాంటిదే. స్టీరింగ్ వెనుక మీటలతో గేర్లు మార్చే ఆ కారుతో నైజెల్ మాన్సెల్ బ్రెజిల్‌లో తొలి పందెమే గెలిచాడు. ఆ తరువాత పందేల్లో బండి పదేపదే మొరాయిస్తే నింద కొత్త గేర్‌బాక్స్ మీద పడింది. తీరా చూస్తే అసలు దోషాలలో పెద్దది ఆల్టర్నేటర్ బెల్టు ఊడిపోయి కరెంటు అందకపోవడం.

బ్యాటరీ బాగుంటే బండిని సమతలం మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళంచెవిని ఆన్ స్థానంలో ఉంచి, పంపు తనంతట తాను ఆగేవరకు వేచి ఉండాలి. అప్పుడు బ్రేకు తొక్కి స్టీరింగ్ వెనుక ఉన్న కుడి మీట లాగితే మొదటి గేరు పడుతుంది, రెండు మీటలూ కలిపి లాగితే న్యూట్రల్‌కు వస్తుంది. ఇలా మారుస్తూ, ఎన్ని మార్పులకు పంపు మళ్లీ అందుకుంటున్నదో లెక్కపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న బండిలో కొన్ని మార్పులకు సరిపడా నూనె నిల్వ ఉంటుంది. ప్రతి మార్పుకూ పంపు తిరుగుతూ, అంతలోనే ఆగిపోతూ ఉంటే, అక్యుములేటర్ పని అయిపోయిందని గట్టిగా అనుమానించవచ్చు. అందులో ఒక పొరకు అటు నత్రజని, ఇటు నూనె ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ నత్రజని తగ్గిపోతే నిల్వ సామర్థ్యం పోతుంది. దీనిని మార్చడం పెద్ద ఖర్చు కాదు, కానీ పట్టించుకోకుండా నడిపితే నిరంతరం తిరిగి తిరిగి పంపు మోటారు బ్రష్‌లు అరిగిపోతాయి, అప్పుడు ఖర్చు అసలైనది.

తరువాత ఏదీ ముట్టుకోకుండా ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి కూర్చోవాలి. గేరు మార్చకుండానే కొద్ది వ్యవధిలో పంపు పదేపదే మొదలవుతుంటే ఒత్తిడి ఎక్కడో జారిపోతున్నది. ట్యాంకులో నూనె మట్టం తగ్గుతూ ఉంటే లీకు బయటికి. మట్టం తగ్గకపోతే వాల్వుల లోపలి నుంచి నూనె తిరిగి ట్యాంకుకే చేరుతున్నది. ఇంజన్ నడుస్తూ, బ్రేకు మీద గేరులో నిలబడినప్పుడు, అంటే క్లచ్ మీద ఒత్తిడి ఉన్నప్పుడు మాత్రమే ఆ వ్యవధి కుదించుకుపోతే, క్లచ్‌ను కదిపే భాగం సీలునూ దాని వాల్వునూ ముందు చూడాలి; క్లచ్‌ను కప్పి ఉంచే బెల్ హౌసింగ్ అడుగున నూనె తడి కనిపిస్తే సందేహమే అక్కరలేదు.

పంపు ఎంతకీ ఆగకపోతే స్కానర్‌లో ఒత్తిడి అంకెను చూడాలి. అంకె ఆగవలసిన హద్దు దాటినా మోటారు తిరుగుతూనే ఉంటే, చాలాసార్లు రిలే కాంటాక్టులు అతుక్కుపోయి ఉంటాయి. ఒకచోట పంపూ వాల్వు బ్లాకూ మొత్తం మార్చాలని తేల్చిన బండిని నేను చూశాను. రిలేను తీసి తెరిస్తే కాంటాక్టులు నల్లగా మాడి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. రిలే చవక వస్తువు కాబట్టి చెడిపోయేదాకా ఆగకుండా ముందే మార్చడం నా పద్ధతి. అంకె అసలు పైకి ఎక్కకపోతే నూనె మట్టం, వైరింగ్, పంపు, ఈ వరుసలో వెతకాలి.

నూనె విషయంలో సొంత తెలివి పనికిరాదు. దీనికి వాడేది టుటెలా సీఎస్ స్పీడ్ అనే ప్రత్యేకమైన హైడ్రాలిక్ నూనె. బ్రేకు నూనె పోస్తే సీళ్లు ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడవుతుంది. అక్యుములేటర్ నిండినప్పుడు ట్యాంకులో మట్టం దిగుతుంది, ఖాళీ అయినప్పుడు ఎక్కుతుంది. కనుక పుస్తకం ఏ స్థితిలో చూడమన్నదో ఆ స్థితిలోనే ప్రతిసారీ చూడాలి. లేకపోతే లేని లీకును ఊహించుకుని నూనె అదనంగా పోస్తారు. నూనె మార్చినప్పుడు మూత చుట్టూ ధూళిని తుడవడం మరవకూడదు, ఎందుకంటే వాల్వు లోపల కదిలే స్పూల్ చుట్టూ ఉండే సందులోకి ఇసుక రేణువు చేరినా స్పూల్ ఇరుక్కుంటుంది.

2014లో మారుతి సెలెరియోతో మన రోడ్లకు వచ్చిన ఏఎంటీ (క్లచ్‌నూ గేర్లనూ తానే కదిపే మాన్యువల్ గేర్‌బాక్స్) కూడా మాగ్నెటి మరెల్లి సంస్థ హైడ్రాలిక్ ఏర్పాటే. అంకెలు, నూనె వేరైనా సూత్రం ఒకటే కాబట్టి, బెజవాడ ఆటోనగర్‌లో ఏఎంటీ పంపు చప్పుడు విని జబ్బు చెప్పే మెకానిక్‌కు ఫెరారీ పంపు భాష కొత్తగా అనిపించదు.

నూనె మార్చినా, ఏ భాగాన్ని విప్పి బిగించినా, స్కానర్ సాయంతో గాలి తీసి, క్లచ్ పట్టు అందుకునే బిందువును మళ్లీ అమర్చాలి. క్లచ్ అరుగుదల శాతాన్ని కూడా అప్పుడే చదవాలి. చివరగా పంపు మళ్లీ అందుకునేలోపు జరిగిన గేరు మార్పుల లెక్కనూ, స్టాప్‌వాచ్ వ్యవధినూ, ఆ రోజు కిలోమీటర్లనూ సర్వీసు పుస్తకంలో రాసి పెట్టండి. వచ్చే సర్వీసులో పోల్చి చూడడానికి ఆ అంకెలే కావాలి.