కోవళం పాయింట్‌లో సర్ఫింగ్: నీళ్లలో దిగే ముందు

చెన్నై దగ్గర ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీదున్న కోవళం గురించి చెబుతున్నాను, కేరళ కోవళం కాదు.

– ముందురోజే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూడండి. ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతాం. అలకీ అలకీ మధ్య 12 సెకన్లు దాటిందంటే మీటరు అల కూడా గట్టిగా తోస్తుంది.

– తెల్లారేసరికి అక్కడుండండి. వేసవిలో పొద్దున్నే నేల మీంచి గాలి వీస్తే అల నున్నగా లేస్తుంది. ఎండెక్కాక సముద్రపు గాలి దాన్ని చెదరగొడుతుంది.

– పావుగంట ఒడ్డునే నిలబడండి. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. అల ఎక్కడ విరుగుతోంది, నీళ్లు వెనక్కి లాగినప్పుడు రాయి ఎక్కడ నల్లగా తేలుతోంది, పెద్ద అలలు వరసగా ఎన్ని వస్తున్నాయి, అన్నీ గమనించండి.

– బోర్డుని కాలికి కట్టే లీష్ తాడు పగిలిందేమో, చీలమండ పట్టీ దగ్గర వేలితో తడిమి చూడండి.

– జాలర్ల పడవల దారికి, వలలకి అడ్డం పోవద్దు. అది వాళ్ల బతుకుతెరువు.

– అల మొదట విరిగేచోటికి దగ్గరున్నవాళ్లదే ఆ అల. మధ్యలో దూరకండి.

– పడిపోతే తల ముందుగా కాదు, వెల్లకిలా చదునుగా పడండి. పైకి తేలేటప్పుడు చేతులతో తల కప్పుకోండి.

– తుఫాను హెచ్చరిక ఉంటే బోర్డు బయటికే తీయొద్దు.