ర్యామ్ తీసే ముందు జాగ్రత్తలు

సిస్టమ్ ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతూ, బీప్‌లు వస్తూ స్క్రీన్ మాత్రం నల్లగానే ఉందా? ముందు ర్యామ్‌ని (కంప్యూటర్ మెమరీ కార్డుని) అనుమానించండి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి మోసుకెళ్లే ముందు ఇంట్లోనే చూసుకోవచ్చు. అయితే క్యాబినెట్ విప్పే ముందు ఇవి తప్పనిసరి.

• స్విచ్ ఆపితే చాలదు, పవర్ కేబుల్ పీకేయండి. తర్వాత పవర్ బటన్ 10 సెకన్లు నొక్కిపెడితే లోపల మిగిలిన కరెంటు పోతుంది.

• అసలు భయపడాల్సింది స్టాటిక్ కరెంటుకి, అంటే మన ఒంట్లో పేరుకునే విద్యుత్తుకి. మనకు షాక్ తెలియకపోయినా చిప్ పాడవ్వచ్చు. ఏసీ గదిలో, కార్పెట్ మీద ఇంకా ప్రమాదం. క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుము భాగాన్ని మధ్యమధ్యలో తాకుతూ ఉండండి. ర్యామ్‌ని అంచులతోనే పట్టుకోవాలి.

• ఏ స్లాట్‌లో ఏ ర్యామ్ ఉందో ఫోటో తీసుకోండి.

• ర్యామ్ బంగారు రంగు పిన్నులను పెన్సిల్ రబ్బరుతో తుడిచేటప్పుడు పొడి స్లాట్‌లో పడనివ్వకండి, బోర్డుకి దూరంగా తుడవండి.

• ర్యామ్ అంచులోని గాడి స్లాట్‌తో కలవకపోతే బలవంతం వద్దు. డీడీఆర్4, డీడీఆర్5 అనే ర్యామ్ రకాలు రెండింటికీ 288 పిన్నులే, కానీ ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు.

• ఒక్కో ర్యామ్‌నే పెట్టి చూడండి. డీడీఆర్5 అయితే మొదటిసారి స్క్రీన్ రావడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. టెన్షన్ పడి మధ్యలో ఆపేయకండి.